అండమాను పాఠశాలలో ఆంగ్లబోధన: ఛాత్రోపాధ్యాయుని తొలి వారములు

1. ప్రస్తావన

ఉపాధ్యాయశిక్షణమును గూర్చిన గ్రంథములలో బోధనపద్ధతులకు దొరకినంత చోటు బోధకుని తొలి దినములకు దొరకలేదు. శిక్షణకళాశాలలో చదివిన శాస్త్రము నిజముగా పరీక్షకు నిలుచునది మాత్రము ఛాత్రోపాధ్యాయుడు తరగతిలో అడుగుపెట్టిన మొదటి కొన్ని వారములలోనే. అప్పుడు పడిన అలవాట్లు ఉద్యోగకాలమంతయు వెంటనంటి వచ్చుట అరుదు కాదు. ఆంగ్లమును బోధింపవలసినవానికి ఈ కాలము మరింత కఠినమైనది. గణితోపాధ్యాయుడు విద్యార్థులు ఎరిగిన భాషలో వారెరుగని విషయమును చెప్పును. ఆంగ్లోపాధ్యాయుడు వారెరుగని భాషను ఆ భాషలోనే చెప్పవలసి వచ్చును.

తరగతిలోని పిల్లలందరి ఇంటిభాష ఒక్కటియే ఐనచో ఈ కష్టమునకు కొంత తెరపి కలదు. చిక్కు వచ్చినప్పుడు ఆ భాషను ఆశ్రయింపవచ్చును. ఇంటిభాషలు ఐదారైనచో ఆ మార్గము మూసికొనిపోవును. తెలుగు పల్లెలలో అపవాదముగా కనిపించు ఈ స్థితి అండమాను నికోబారు ద్వీపములలో ఉత్సర్గము. అచ్చటి ఉన్నత పాఠశాలలో తొలి వారములు గడుపు ఛాత్రోపాధ్యాయుడు చెప్పుటకంటె ముందుగా వినుట నేర్వవలెనని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. విద్యార్థి వ్రాసిన తప్పు వాక్యము వెనుక తరచుగా అతని ఇంటిభాషా వ్యాకరణము నిలిచియుండును. దానిని వినగలిగినవానికి ఆ తప్పే పాఠమునకు ప్రారంభమగును. వినలేనివాడు ఆ పిల్లవానిని మందబుద్ధియని ముద్రవేసి, వెనుక బల్లకు విడిచిపెట్టును.

2. ద్వీపములలోని భాషాస్థితి

1858లో ఆంగ్లప్రభుత్వము పోర్టు బ్లెయిరులో ద్వీపాంతరశిక్ష పొందినవారికై ఒక వసతిని నెలకొల్పెను. ఈ నగరమునకే 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము శ్రీవిజయపురమని పేరు మార్చినది. పలు రాష్ట్రములనుండి వచ్చిన ఖైదీలు ఒకరితోనొకరు మాటలాడుకొనుటకు హిందుస్తానీని వాడుకొనిరి. అచ్చటనే పుట్టిపెరిగిన వారి సంతానమునకు అదియే ఇంటిభాష ఐనది. 1918 నుండి అడవిపనులకై ఛోటానాగపూరు ప్రాంతపు కూలీలు వచ్చిరి. 1921 నాటి మాప్పిళ్ళ తిరుగుబాటు పిమ్మట మలయాళము మాటలాడువారు వచ్చిరి. దేశవిభజనానంతరము, 1949 నుండి, తూర్పు బంగాళపు శరణార్థులకు అచ్చట భూములిచ్చి నివాసములేర్పరచిరి. తమిళులును తెలుగువారును బ్రతుకుతెరువునకై సముద్రము దాటిరి. తెలుగువారిలో హెచ్చుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చిన జాలరి కుటుంబములవారు, కాయకష్టము చేసికొనువారు.

ఈ చరిత్ర యంతయు 2011 జనాభాలెక్కలలో ప్రతిబింబించుచున్నది. ఆనాటి ద్వీపముల జనసంఖ్య 3,80,581. మాతృభాషల ననుసరించి చూచినచో నూటికి సుమారు 28 మంది బంగాళీవారు, 19 మంది హిందీవారు, 15 మంది తమిళులు, 13 మంది తెలుగువారు. నికోబారీ, మలయాళములు మాటలాడువారు నూటికి ఏడుగురు చొప్పునను, సాద్రీ, కుడుఖ్ మాటలాడువారు అంతకు తక్కువగను ఉండిరి. సగమునకు మించిన సంఖ్య ఏ ఒక్క భాషకును లేదు. ఐనను వీధిలోను, అంగడిలోను, పడవరేవులోను అందరును హిందీలో మాటలాడుదురు. తరగతిగది బయట పిల్లల ఆటలభాషయు అదియే.

ద్వీపములలోని ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర మాధ్యమిక విద్యామండలి పాఠ్యప్రణాళికను అనుసరించును. ఆంగ్ల, హిందీ మాధ్యమములతోపాటు బంగాళీ, తమిళ, తెలుగు మాధ్యమములును అచ్చట ఏర్పడినవి. మాధ్యమమేదైనను ఉన్నత పాఠశాలలోని ఆంగ్లపు తరగతి అందరును దాటవలసిన ద్వారము; పై చదువునకును, ప్రధానభూమిలో ఉద్యోగమునకును ఆ ద్వారముగుండనే పోవలెను. ఆంగ్లములో వెనుకబడిన జాలరిపిల్లవాడు తక్కిన విషయములలో ఎంత తెలివిగలవాడైనను తీరముననే నిలిచిపోవు ప్రమాదము కలదు.

3. మొదటి వారము: పరిశీలన

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో చేసిన నిబంధనలు బి.ఇడి. శిక్షణమును రెండేండ్లకు పెంచి, అందు కనీసము 20 వారములు పాఠశాలలో గడపవలెనని విధించెను. పూర్వము ఒకే ఏటి శిక్షణలో కొలదిపాటి పాఠములు చెప్పి ముగించుటకంటె ఇది మేలైన ఏర్పాటు. ఐనను పాఠశాలలో గడపు కాలము పెరిగినంతమాత్రమున అనుభవము పెరుగదు. ఆ కాలములో ఛాత్రోపాధ్యాయుడు దేనిని చూచునను దానిపై ఫలితము ఆధారపడియుండును.

మొదటి వారమున అతడు వెనుక బల్లమీద కూర్చుండి, అనుభవముగల ఉపాధ్యాయుని పాఠమును పరిశీలించును. ఈ సందర్భమున అమెరికా దేశపు సమాజశాస్త్రజ్ఞుడు డాన్ లోర్టీ 1975లో ప్రకటించిన ఒక భావము స్మరింపదగినది. ప్రతి ఉపాధ్యాయుడును అంతకుముందు వేలకొలది గంటలు విద్యార్థిగా కూర్చుండి ఉపాధ్యాయులను చూచినవాడే. కనుక బోధన యనగా నేమో తనకు తెలియునని నమ్మును. కాని విద్యార్థికి కనబడునది ఉపాధ్యాయుని నోరు, చేయి, నల్లబల్ల మాత్రమే. ఆ మాట ఎందుకు చెప్పెనో, ఆ పిల్లవానినే ఎందుకు ప్రశ్నించెనో అతనికి కనబడదు. అందుచేత ఛాత్రోపాధ్యాయుడు పరిశీలన పుస్తకములో వ్రాసికొనునది సాధారణముగా ఉపాధ్యాయుని క్రియలను గూర్చియే ఉండును: పాఠమును చదివెను, కఠినపదములకు అర్థము చెప్పెను, ప్రశ్నలడిగెను.

వెనుక బల్ల మరియొక పరిశీలనకు అనువైన చోటు. అచ్చటనుండి పిల్లల గుసగుసలు వినబడును. పాఠములోని ఒక మాటకు అర్థమును పొరుగువానికి ఎవడు ఏ భాషలో చెప్పుచున్నాడు? హిందీలో చెప్పినది మరల తెలుగులోనో తమిళములోనో చెప్పించుకొనువాడెవడు? నగరములోనే పెరిగిన తెలుగు పిల్లవానికి హిందీ మాతృభాషతో సమానముగా వచ్చియుండును. ఆ సంవత్సరమే తండ్రితో ఓడయెక్కి శ్రీకాకుళమునుండి వచ్చిన పిల్లవానికి అది రాదు. హాజరుపట్టికలో ఇరువురి పేర్లును ఒకే విధముగా నుండును. వారిలోని భేదము గుసగుసలోనే బయటపడును. మొదటి వారము ముగియులోపల తరగతిలోని ప్రతి విద్యార్థి ఇంటిభాషయు, అతనికి హిందీతోగల పరిచయమును తెలిసికొన్న ఛాత్రోపాధ్యాయుడు సగము పని ముగించినవాడగును.

4. రెండవ వారము: మౌనము, మూకుమ్మడి సమాధానము

రెండవ వారమున సుద్దముక్క అతని చేతికి వచ్చును. పాఠ్యపథకము సిద్ధముగా నుండును: ఉద్దేశములు, ఉపకరణములు, ప్రస్తావన ప్రశ్నలు, బోధన, పునర్విమర్శ, ఇంటిపని. ప్రతి అంశమునకును నిమిషములు కేటాయింపబడియుండును. వెనుక పర్యవేక్షకుడు కూర్చుండియుండును.

ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లో ప్రకటించిన పరిశోధనలో శిక్షణపొందుచున్న ఉపాధ్యాయుల చింతలకొక క్రమమున్నదని చూపెను. మొదట వారి చింతయంతయు తమ్ము గూర్చియే: తరగతి తన మాట వినునా, పర్యవేక్షకుడేమనును? విద్యార్థి ఏమి నేర్చుచున్నాడను చింత చాల కాలమునకు గాని కలుగదు. ఇది స్వార్థము కాదు; నీటిలో కొత్తగా దిగినవానికి ముందు తన ఊపిరియే ముఖ్యము.

ఈ చింతలో నున్నవానికి మౌనము భయంకరమైనది. ఆంగ్లములో ప్రశ్నించును, తరగతి కదలదు. మేరీ బడ్ రో అను పండితురాలు 1974లో ప్రకటించిన పరిశీలనల ప్రకారము ఉపాధ్యాయులు ప్రశ్నించిన పిమ్మట సమాధానమునకై నిరీక్షించు కాలము సగటున ఒక్క సెకను మాత్రమే. దానిని మూడు సెకనులకు పెంచినచో సమాధానముల నిడివియు సంఖ్యయు పెరిగెను. ఆమె పరిశీలించినవి అమెరికాలోని విజ్ఞానశాస్త్రపు తరగతులు. పిల్లలలో హెచ్చుమందికి ప్రశ్నయొక్క భాష సొంతభాషయే. అండమాను తరగతిలోని పిల్లవాడు ప్రశ్నను ఆంగ్లములో విని, హిందీలోనో ఇంటిభాషలోనో గ్రహించి, సమాధానమును ఆలోచించి, దానిని మరల ఆంగ్లములోనికి మార్చవలెను. వీనికి మూడు సెకనులును చాలవు.

ఛాత్రోపాధ్యాయుడు అంతవరకు ఆగలేడు. తానే సమాధానము చెప్పి, "అండర్‌స్టాండ్?" అని అడుగును. "ఎస్ సార్" అని తరగతి మూకుమ్మడిగా పలుకును. ఈ ధ్వని అతనికి ప్రాణము పోసినట్లుండును. పర్యవేక్షకుని పుటలోను తరగతి చురుకుగా నున్నదని నమోదగును. ఇచ్చటనే అపాయమున్నది. ఆ రెండు మాటలను చెప్పుటకు పాఠము తెలియవలసిన పనిలేదు. మూకుమ్మడి సమాధానము ఏ పిల్లవానికేమి రాదో కప్పిపుచ్చును. దానికి అలవాటుపడిన బోధకుడు ఏండ్ల తరబడి ఆ తెరవెనుకకు చూడకయే పోవచ్చును.

5. మూడవ వారము: హిందీ ఆశ్రయము

మౌనమును భరింపలేని బోధకునికి మరియొక ఆశ్రయము హిందీ. మూడవ వారమునకు చాలమంది ఆంగ్లవాక్యమును చదివి, వెంటనే హిందీలో అనువదించుటకు దిగుదురు. తరగతి తేలికపడును. కాని పిల్లలు త్వరలోనే ఒక సూక్ష్మమును గ్రహింతురు: ఆంగ్లము వచ్చునప్పుడు వినకున్నను నష్టము లేదు, హిందీ రాగానే వినవచ్చును. హిందీ రానివాడు రెండువిధముల నష్టపోవును.

దీనికి విరుగుడుగా హిందీని పూర్తిగా బహిష్కరించుట శిక్షణకళాశాలలలో పెక్కుకాలము వినబడిన ఉపదేశము. ప్రత్యక్షపద్ధతి మాతృభాషకు తరగతిలో చోటీయలేదు. 1967లో సి. జె. డాడ్సన్ ప్రతిపాదించిన ద్విభాషాపద్ధతి మధ్యేమార్గమును చూపెను: అర్థము తెలుపుటకు బోధకుడు మాతృభాషను మితముగా వాడవచ్చును, అభ్యాసము మాత్రము లక్ష్యభాషలోనే సాగవలెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ఇంకొక అడుగు ముందుకు వేసి, తరగతిలోని బహుభాషాత్వమును సంపదగా పరిగణింపుమని చెప్పెను.

బహిష్కారమా, అనువాదమా అను వాదమును పక్కకు పెట్టి చూచినచో, అసలు ప్రశ్న వేరుగా నున్నది: ఏ అంశమునకు హిందీ ఉపకరించును, దేనికి ఉపకరింపదు? దీనికి సమాధానము పద్ధతులను గూర్చిన గ్రంథములలో లేదు. భాషల నిర్మాణములోనే కలదు.

6. నాల్గవ వారము: విద్యార్థి వాక్యములు

నాల్గవ వారమునకు దిద్దవలసిన పుస్తకములు బల్లమీద పేరుకొనును. తండ్రి చేయు పనిని గూర్చి ఐదు వాక్యములు వ్రాయుమనినప్పుడు తెలుగు పిల్లవాడు వ్రాయు అవకాశమున్న కొన్ని వాక్యములను గైకొని, వాని మూలమును విచారింపవచ్చును.

మొదటిది: "మై ఫాదర్ ఫిషర్‌మన్." ఇందు క్రియ లేదు. తెలుగులో "మా నాన్న జాలరి" అనునది సంపూర్ణవాక్యము. అట్టిచోట క్రియాపదమును చేర్చిన ఎడల మాట అసహజమగును. తమిళములోను బంగాళీలోను వర్తమానమున ఇట్లే క్రియ లేకయే వాక్యము నిండును. కావున మూడు ఇండ్లనుండి వచ్చిన పిల్లలు ఒకే తప్పు వ్రాయుదురు. హిందీలో మాత్రము "మేరే పితా మఛువారే హైఁ" అనవలెను. ఆ "హైఁ" స్థానమున ఆంగ్లములో "ఈజ్" నిలుచునని ఒక్కసారి చూపినచో, ఆటలలో దినదినమును "హై" అని పలుకుచున్న పిల్లవానికి సూత్రము అవసరముండదు.

రెండవది: "హి విల్ గో టు సీ డైలీ." ఉపాధ్యాయుడు దీనిని కాలము తెలియని తప్పుగా ఎర్రసిరాతో కొట్టివేయును. పిల్లవాని మనసులోని వాక్యము "రోజూ సముద్రానికి వెళతాడు" అనునది. "రేపు వెళతాడు" అన్నను అదే రూపము. చిన్నయసూరి తద్ధర్మార్థమును భవిష్యదర్థమునుండి వేరుపరచి చెప్పెను. నేటి వ్యవహారములో రెండింటిని ఒకే క్రియారూపము మోయుచున్నది. పిల్లవానికి కాలజ్ఞానము కొరవడలేదు. ఒక రూపమునకు రెండు ఆంగ్లరూపములలో దేనిని ఎన్నుకొనవలెనో అతనికెవరును చెప్పలేదు. ఇచ్చటను హిందీ సాయపడును: "జాతా హై", "జాయేగా" అని ఆ భాష రెండర్థములను వేరుచేయును. ఈ జంటను ఒక్కమారు నల్లబల్లమీద వ్రాసి, పిమ్మట ఆంగ్లములోనే అభ్యాసము చేయించుట డాడ్సను సూచించిన మితత్వమునకు మంచి నిదర్శనము.

మూడవది: "యు ఆర్ గోయింగ్ వేర్?" తెలుగులో "నువ్వు ఎక్కడికి వెళుతున్నావు" అనినప్పుడు ప్రశ్నపదము వాక్యమధ్యముననే ఉండును. హిందీలోను ఇదే వరుస. తమిళ బంగాళీలును ప్రశ్నపదమును వాక్యారంభమునకు తప్పనిసరిగా తెచ్చునవి కావు. కావున ఇచ్చట హిందీ అనువాదము తప్పును సరిదిద్దుటకు మారుగా దృఢపరచును. ఈ అంశమును ఆంగ్లములోనే, ప్రశ్నోత్తరముల ఆటలతో, నోటికి అలవాటు చేయవలెను.

ఉచ్చారణలోను ఇట్లే. తెలుగు ప్రధానముగా అజంతభాష. బస్సు, బుక్కు, కప్పు అని హల్లును ద్విత్వముచేసి చివర ఉకారమును చేర్చుట దాని స్వభావము. హిందీ పదములు పెక్కు హలంతములు. "ఘర్", "నామ్" అని హిందీలో స్పష్టముగా పలుకు పిల్లవాడు ఆంగ్లములోను హలంతముతో నిలుపగలడు. అతనికి ఆ శక్తి ఉన్నదని గుర్తుచేయుటయే బోధ.

తక్కిన ఇండ్ల పిల్లలు వేరుచోట్ల తొట్రుపడుదురు. బంగాళీలో "సే" అను సర్వనామము స్త్రీపురుషులిరువురకును చెల్లును. ఆ పిల్లవాడు అక్కను గూర్చి చెప్పుచు "హి" అనవచ్చును. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము; తమిళ బాలునికి పరుష సరళముల భేదము కొత్త. కార్ నికోబారు భాష రోమనులిపిలో వ్రాయబడుచున్నది. కనుక తన భాషలో అక్షరములు నేర్చిన నికోబారీ బాలుడు ఆంగ్లలిపిని ముందే ఎరిగియుండును. కాని అతని భాషలో క్రియ వాక్యమునకు మొదట వచ్చుట సహజము. తెలుగున క్రియ చివర, ఆంగ్లమున నడుమ, కార్ నికోబారు భాషలో మొదట. మూడు భాషల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుండి ఒకే వాక్యమును మూడు కొనలనుండి కట్టుచున్నారని తెలిసినప్పుడు, తరగతి మౌనము ఛాత్రోపాధ్యాయునికి వేరొక అర్థమునిచ్చును.

ఇందొక హెచ్చరిక అవసరము. తప్పులన్నియు ఇంటిభాషనుండియే పుట్టవు. ఎస్. పిట్ కార్డర్ 1967లో చూపినట్లు, అభ్యాసకుని తప్పులు అతడు స్వయముగా కట్టుకొనుచున్న నియమములకు సాక్ష్యములు. "హి గోస్" అనవలసినచోట "హి గో" అనుట తెలుగువానికే పరిమితము కాదు. ఆంగ్లమును నేర్చు పెక్కు భాషలవారిలోను అది కానవచ్చును. అట్టి తప్పును మాతృభాషకు అంటగట్టుట అన్యాయము. కాలము, అభ్యాసము దానిని సరిచేయును. ఏది ఇంటినుండి వచ్చినది, ఏది నేర్చుకొను దారిలో పుట్టినది అని వేరుచేయగలుగుటయే దిద్దుటలోని నేర్పు.

7. ఫలితాంశములు

పై పరిశీలనవలన ఛాత్రోపాధ్యాయుని శిక్షణకు కొన్ని ఆచరణీయమైన సూచనలు లభించుచున్నవి. మొదటి వారపు పరిశీలన పుస్తకములో ఉపాధ్యాయుని క్రియలతోపాటు విద్యార్థుల ఇంటిభాషల పట్టికయు ఉండవలెను. రెండవ వారమున ఒక్కొక్క పాఠములో కనీసము ఐదుగురు విద్యార్థులు విడివిడిగా సమాధానము చెప్పునట్లు, వారికి తగిన వ్యవధి యిచ్చునట్లు పాఠ్యపథకమునే మార్చవలెను. ఆ నిరీక్షణను పర్యవేక్షకుడు లోపముగా గణింపరాదు. మూడవ వారమునుండి హిందీని ఎచ్చట వాడుట, ఎచ్చట మానుట అనునది ముందుగా నిర్ణయింపబడవలెను. హిందీ రాని పిల్లవానికి అదే జంటను తెలుగులోనో తమిళములోనో చెప్పగల సహాధ్యాయిని పక్కన కూర్చుండబెట్టుట ఖర్చులేని ఉపాయము. నాల్గవ వారమున దిద్దిన పుస్తకములనుండి తప్పులను భాషలవారిగా విభజించి, మరుసటి పాఠమును వానినుండి నిర్మించుకొనవలెను.

భాషాశాఖల బాధ్యతయు ఇందు కలదు. ఆంగ్లబోధన సమస్య ఆంగ్లశాఖలదేయను అభిప్రాయము చిరకాలముగా పాతుకొనిపోయినది. 1958లో హైదరాబాదున నెలకొన్న కేంద్రీయ ఆంగ్లసంస్థ దేశమునందలి ఆంగ్లోపాధ్యాయులకు శిక్షణనిచ్చుటలో గొప్ప కృషి చేసినది. ఐనను "వెళతాడు" అను క్రియారూపము మోయు రెండర్థములను వివరించు పని తెలుగు వ్యాకరణము తెలిసినవానిది. తెలుగు, తమిళ, బంగాళీ, హిందీ శాఖలు కలిసి, పది పన్నెండు పుటలకు మించని చిన్న కరదీపికలను ఉపాధ్యాయులకై వ్రాయగలిగినచో, ప్రౌఢవ్యాకరణ పరిశోధన పోర్టు బ్లెయిరులోని ఎనిమిదవ తరగతివరకు చేరగలదు. ఛాత్రోపాధ్యాయునికి ఆ భాషలన్నియు మాటలాడుట రానక్కరలేదు; ఒక్కొక్క భాష ఆంగ్లముతో ఎచ్చట కలియునో, ఎచ్చట విడివడునో తెలిసిన చాలును.

అట్టి సాయము లేనిచో జరుగునది స్పష్టమే. నాలుగు వారములలో ఛాత్రోపాధ్యాయుడు తరగతిని నిశ్శబ్దముగా నుంచుట నేర్చి, మంచి గుణములు పొంది, ఉపాధ్యాయుడగును. "మై ఫాదర్ ఫిషర్‌మన్" అని వ్రాసిన బాలుడు తన వాక్యము ఎందుకు కొట్టివేయబడెనో తెలియక, మరుసటి మారు పుస్తకము తెచ్చుట మానును. ఆ ఎర్రగీత ప్రక్కన "ఈజ్" అను ఒక చిన్నమాటయు, దాని క్రింద "హైఁ" అను గుర్తును వ్రాయుటకు పట్టు కాలము ఐదు సెకనులు. దానిని వ్రాయగల జ్ఞానమును తొలి వారములలోనే అందించుట శిక్షణసంస్థలకును, భాషాశాఖలకును ఉమ్మడి ధర్మము.